జెండా వెనక ఎవరున్నారు?



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి చదివి ముందు నవ్వుకున్నాను. తరవాత ఆలోచనలో పడ్డాను. రాసింది ఒక అక్కా, తమ్ముడూ. ఇద్దరిదీ ఒకటే కాగితం. పై సగం అక్కది, కింది సగం తమ్ముడిది. మధ్యన పొలానికి గట్టు వేసుకున్నట్టు గీత గీసుకున్నారు!

సంగతేమిటంటే, ఇంగ్లండులో జరిగే ఒక సంగీతోత్సవాన్ని వాళ్ళిద్దరూ ఇంట్లో తెరమీద చూశారట. పెద్ద మైదానం. ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనం తలలమీద వందలకొద్దీ జెండాలు. దేశాల జెండాలు, ఊళ్ళ జెండాలు, నవ్వు పుట్టించే బొమ్మల జెండాలు. "జెండాలుంటేనే అది తిరనాళ్ళు, మామయ్యా. లేకపోతే అది వట్టి గుంపు" అని తమ్ముడు రాశాడు. "పాట చూడవచ్చిన వాళ్ళ కళ్ళకు అడ్డంగా గుడ్డ కట్టటమేమిటి? జెండాలను లోపలికి రానివ్వకూడదు" అని అక్క రాసింది. చివర ఇద్దరూ కలిసి, "తీర్పు మీరే చెప్పాలి" అన్నారు.

తీర్పు చెప్పేముందు రెండు పక్కల మాటా వినాలి గదా? విందాం.

వాళ్ళు చూసిన ఉత్సవం పేరు గ్లాస్టన్‌బరీ. సోమర్సెట్ ప్రాంతంలో పిల్టన్ అనే పల్లె ఉన్నది. అక్కడ మైఖేల్ ఈవిస్ అనే పాడిరైతు తన పొలంలోనే 1970 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చినవాళ్ళు దాదాపు 1500 మంది. టిక్కెట్టు ఒక పౌను. టిక్కెట్టు కొన్నవారికి ఆయన పొలంలోని ఆవుల పాలు ఉచితం! ఇప్పుడో? ఉత్సవం జరిగే ఏడు రెండు లక్షలమందికి పైగా చేరతారు. పేరుగల పాటగాడు పాడే రాత్రి పెద్ద వేదిక ముందు లక్షమంది దాకా నిలబడతారు.

ఇప్పుడు తమ్ముడి పక్షం చూద్దాం. లక్షమందిలో మీరు మీ నేస్తాన్ని వదిలి మంచినీళ్ళకోసం వెళ్ళారనుకోండి. తిరిగి వచ్చి వెతుక్కోవటమెట్లా? అన్నీ తలలే! ఫోను చేద్దామంటే, ఒక్కచోట అంతమంది ఫోన్లు పట్టుకుంటే మాట కలవటం కష్టం. అప్పుడు పొడుగాటి కర్రకు కట్టిన ఒక చేప బొమ్మ జెండా కనిపిస్తుంది. "అదుగో మనవాళ్ళు!" అని నేరుగా నడిచి వెళ్ళవచ్చు.

జెండా అసలు పుట్టింది ఈ పనికే. విరాటపర్వంలో ఉత్తరుడు కౌరవసేనను చూసి హడలిపోయిన కథ మీకు తెలుసు. ఆ తరవాత అర్జునుడు అతనికి ఒక్కొక్క వీరుణ్ణీ ఎట్లా చూపించాడు? జెండాల గుర్తు పట్టి. బంగారు వేదిక గుర్తున్నది ద్రోణుడి రథం. పాము గుర్తున్నది దుర్యోధనుడిది. తాటిచెట్టు గుర్తున్నది భీష్ముడిది. అంత దూరాన మనిషి మొహం కనపడదు, జెండా కనపడుతుంది. కాబట్టి తమ్ముడి మాటలో పస ఉన్నది.

ఇక అక్క పక్షం. దీనికి మాటలు చాలవు, ఒక ప్రయోగం కావాలి. ఈసారి పున్నమినాడు ఒక శనగగింజ తీసుకుని డాబామీదికి వెళ్ళండి. ఒక కన్ను మూసి, చెయ్యి బాగా చాచి, గింజను చంద్రుడికి ఎదురుగా పట్టండి. చంద్రుడు కనపడడు! చంద్రుడి అడ్డుకొలత 3,476 కిలోమీటర్లు. గింజ అడ్డుకొలత ఒక సెంటీమీటరైనా లేదు. అయినా గింజే గెలిచింది. ఎందుకని? గింజ కంటికి దగ్గర, చంద్రుడు దూరం. దగ్గరున్న చిన్న వస్తువు దూరాన ఉన్న పెద్ద వస్తువును కప్పెయ్యగలదు.

ఇదే లెక్క జెండాకు వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

వేదిక పక్కన పెద్ద తెర ఉన్నదనుకుందాం. వెనక ఉన్నవాళ్ళకు పాటగాడు చీమంత కనిపిస్తాడు గనక వాళ్ళంతా ఈ తెరనే చూస్తారు. తెర కింది అంచు మన కంటి ఎత్తుకు 4 మీటర్ల పైన, పై అంచు 10 మీటర్ల పైన ఉన్నదనుకోండి. నేల చదునుగా ఉన్నది. మీరు తెరకు 100 మీటర్ల దూరంలో నిలబడ్డారు. మీకు 25 మీటర్ల ముందు ఒకడు జెండా ఎత్తాడు.

25 అంటే 100లో నాలుగోవంతు. మీ చూపు తెరదాకా పోయే దారిలో, జెండా ఉన్నచోట కంటి ఎత్తుకు ఎంత పైన పోతుంది? 4లో నాలుగోవంతు 1. పదిలో నాలుగోవంతు రెండున్నర. అంటే 1 మీటరునుంచి రెండున్నర మీటర్ల దాకా. ఆ జెండా గుడ్డ కంటి ఎత్తుకు ఒకటిన్నర మీటర్ల పైన మొదలై రెండున్నర దాకా ఉన్నదనుకోండి. ఇంకేముంది! తెరలో పైభాగం, మూడింట రెండు వంతుల ఎత్తు, జెండా వెనక్కి పోయింది. గుడ్డ వెడల్పు ఒక్క మీటరే. కాని తెరమీద అది 4 మీటర్ల మేర కప్పుతుంది.

ఇప్పుడు అదే జెండాకు 5 మీటర్ల వెనక నిలబడ్డవాడి సంగతి చూడండి. అతను తెరకు 80 మీటర్ల దూరంలో ఉన్నాడు. 80లో 5 అంటే పదహారో వంతు. తెర పై అంచును చూసే చూపు కూడా జెండా దగ్గర కంటి ఎత్తుకు 63 సెంటీమీటర్ల పైన మాత్రమే పోతుంది. గుడ్డ అంతకంటె చాలా పైన రెపరెపలాడుతున్నది. అతనికి తెర మొత్తం కనిపిస్తుంది!

గమనించారా? నాకు ఈ లెక్క వేసేదాకా ఈ సంగతి తట్టలేదు. ఎత్తైన జెండా పక్కవాడికి అడ్డం రాదు. ఎక్కడో దూరాన, జెండా పట్టినవాడు ఎన్నడూ చూడని మనిషికి అడ్డం వస్తుంది. పక్కవాడికి అడ్డమైతే "బాబూ, కాస్త దించు" అంటాడు. దూరాన ఉన్నవాడు ఎంత అరిచినా ఆ మోతలో వినపడదు. జెండా పట్టినవాడేమో, "నన్నెవరూ ఏమీ అనలేదే! నా జెండావల్ల ఎవరికీ కష్టం లేదు" అనుకుంటాడు. అతను చెడ్డవాడు కాడు. అతనికి తెలియదు, అంతే.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నేను ఆరేడేళ్ళవాణ్ణిగా ఉన్నప్పుడు మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో హరికథ పెట్టించారు. మేము ఆలస్యంగా వెళ్ళాం. ముందంతా జనం. నాకు నడుములూ, పైపంచెలూ తప్ప మరేమీ కనపడలేదు. మా నాన్న నన్ను ఎత్తి భుజాలమీద కూచోబెట్టుకున్నాడు. అబ్బ! దాసుగారి చిడతలూ, కాళ్ళ గజ్జెలూ, మెడలో పూలదండా అన్నీ కనిపించాయి. రాజునై ఏనుగెక్కినట్టున్నది నాకు.

కాసేపటికి వెనకనుంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, ఏమీ కనపట్టం లేదే!" అంటున్నది. నాకన్న చిన్నది. నాన్న వెనక్కి తిరిగి చూసి, మాట్లాడకుండా నన్ను కిందికి దించాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. నాన్న నన్నొక చేత్తో, ఆ పిల్లనొక చేత్తో పట్టుకుని పందిరి పక్కగా నడిపించి, ముందు చాపమీద పిల్లల వరసలో కూచోబెట్టాడు. కథ ఇద్దరం చూశాం. ఆ ఏడుపు ఎందుకు ఏడ్చానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు నేనూ ఒక జెండానే గదా!

అయితే జెండాలు మానిపించటమే మంచిదా? తొందరపడకండి. ఈ చిక్కును తెలివిగా విప్పుకున్నవాళ్ళున్నారు.

లండన్‌లో 'ప్రామ్స్' అనే కచ్చేరీలు 1895లో మొదలైనాయి. అప్పుడు అవి క్వీన్స్ హాలులో జరిగేవి. యుద్ధంలో, 1941లో, ఆ హాలుమీద బాంబులు పడటంతో రాయల్ ఆల్బర్ట్ హాలుకు మారాయి. ప్రతి యేడూ కడపటి రాత్రి శ్రోతలు జెండాలు ఊపుతారు. వాటిలో ఎక్కువ భాగం చేతిలో ఇమిడే చిన్న జెండాలు. పాట ఊపులో పైకి లేస్తాయి, మళ్ళీ దిగుతాయి. 'వోమాడ్' అనే మరో ఉత్సవం 1982లో ఇంగ్లండులోనే మొదలైంది. దానికి పొడుగాటి రంగుల జెండాలే అందం. అక్కడ ఉత్సవం జరిపేవాళ్ళే వాటిని మైదానంలో నాటిస్తారు. ఎక్కడ నాటితే అడ్డం రాదో ముందే చూసుకోవచ్చు గదా!

జెండాలమీద మరోరకం తగాదా కూడా వస్తుంది. అది గుడ్డ కొలతను గురించి కాదు, దానిమీది గుర్తును గురించి. ఆస్ట్రేలియాలో 'బిగ్ డే అవుట్' అనే సంగీతోత్సవం జరుగుతుండేది. 2005 డిసెంబరులో సిడ్నీ నగరంలోని క్రొనుల్లా తీరంలో జాతిద్వేషంతో అల్లర్లు జరిగాయి. అల్లరిమూకలో కొందరు తమ దేశపు జెండానే కప్పుకుని వచ్చారు. ఆ తరవాత, కొందరు ఆ జెండా చూపి తక్కినవాళ్ళను బెదిరిస్తున్నారని చెప్పి, 2007 జనవరిలో సిడ్నీ ఉత్సవానికి జెండాలు తేవద్దని నిర్వాహకులన్నారు. పెద్ద గొడవైంది. సొంత దేశపు జెండాను వద్దంటారా అని ప్రధానమంత్రి జాన్ హవర్డ్ కూడా తప్పుపట్టాడు. ఇది నిషేధం కాదు, విన్నపం మాత్రమేనని నిర్వాహకులు సర్దిచెప్పుకోవలసి వచ్చింది.

చూశారా? జెండాలో తప్పులేదు. దాన్ని పట్టుకున్న చేతిలో ఉన్నది తప్పు. అయినా, చెడ్డచేతులు కొన్నే గదా అని ఊరుకుంటే బెదిరిపోయినవాడి గతి ఏమిటి? అందరినీ ఆపితే బుద్ధిమంతుల గతి ఏమిటి? పెద్దవాళ్ళకే ఇది తేలికగా తెగలేదు. నాకు తోచింది ఒక్కటే. ఎవరినైనా భయపెట్టటానికి ఎత్తిన జెండాను, అది ఏ గుర్తు జెండా అయినా సరే, దించమనవచ్చు. సంతోషానికి ఎత్తిన జెండాను దించమనటానికి మాత్రం, దానివల్ల ఎవరికి ఏ నష్టమో చూపించాలి.

మన దేశపు జెండాకైతే మరో మాట కూడా ఉన్నది. 2002 నాటి పతాక నియమావళి ప్రకారం దాన్ని నేలకు తగలనివ్వకూడదు, నీళ్ళలో ఈడ్వకూడదు. చినుకు పడితే బురదయ్యే మైదానానికి దాన్ని తీసుకుపోయేవాడు, తిరిగి ఇల్లు చేరేదాకా దాన్ని కాపాడే ఓపిక ఉంటేనే తీసుకుపోవాలి.

ఇక తీర్పు. అక్కా, నువ్వు చెప్పిన కష్టం నిజం. లెక్కే సాక్ష్యం. తమ్ముడూ, నువ్వు చెప్పిన సంతోషమూ నిజమే. కనుక జెండాలను రానివ్వాలి. కాని చేతి జెండాలు జనం మధ్య ఉండాలి. కర్రజెండాలు అంచుల్లో ఉండాలి. నేస్తాలను పిలుచుకోవటానికి ఎత్తిన జెండా, పాట మొదలుకాగానే దిగాలి. పాటకూ పాటకూ మధ్యన మళ్ళీ ఎత్తుకోవచ్చు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఇంకొకటుంది. జెండా తెచ్చుకున్నవాడు దాన్ని ఒక్క నిమిషం నేస్తం చేతికిచ్చి, ముప్పై అంగలు వెనక్కి నడిచి, అక్కడ నిలబడి వేదికవైపు చూడాలి. తన జెండాను తాను వెనకనుంచి చూడాలి. అక్కడ ఒక పొట్టిపిల్ల మునివేళ్ళమీద నిలబడి ఉంటుంది. చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కూచుని ఉంటాడు. వాళ్ళూ టిక్కెట్టు కొన్నవాళ్ళే. అది చూసి వచ్చాక జెండా ఎంత ఎత్తు ఎత్తాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అక్కా తమ్ముళ్ళిద్దరూ ఆ కాగితంమీది గీత చెరిపేసి, శనగగింజ ప్రయోగం కలిసి చెయ్యండి. గింజ ఎవరు పట్టుకోవాలని మాత్రం మళ్ళీ తగాదా పడకండి. డబ్బాలో ఇంకా చాలా గింజలుంటాయి!

మీ మామయ్య