గేమింగ్ కంప్యూటర్ కొనే తమ్ముళ్లకు: ముందు నిద్ర, తర్వాతే గ్రాఫిక్స్

కైసర్స్‌లౌటర్న్‌లో మేం ముగ్గురం ఒకే గదిలో ఉంటున్నాం. ఒకడు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకునే టైముకే ఇంకొకడికి ఆట టైము. మా పాత కంప్యూటర్ మిక్సీలా అరిచేది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆడేవాడికి వినపడదు, పడుకున్నవాడికి వినపడుతుంది. నిద్ర చాలక మిషన్ ముందు నిలబడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే రెండోసారి 700 యూరోల్లో చూసి చూసి కట్టుకున్నాం.

చాలామంది డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకే పోస్తారు. అది తప్పని మా అభిప్రాయం. మోతకి మూలం వేడి. వేడి తగ్గితే ఫ్యాన్ దానంతటదే నెమ్మదిస్తుంది.

కార్డు సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, పెద్ద హీట్‌సింక్ ఉన్నది చూడండి. డబ్బిచ్చే ముందు అక్కడే పావుగంట గేమ్ నడిపించి వినండి. ఆన్‌లైన్ షాపులో కొంటే 14 రోజుల్లో వెనక్కి పంపే హక్కుంది, మామూలు మనిషి దగ్గర కొంటే అది లేదు. పవర్ సప్లై మాత్రం కొత్తదే కొనండి. ప్రాసెసర్‌కి 30-40 యూరోల టవర్ కూలర్ చాలు. కేసుకి ముందువైపు జాలీ ఉండాలి. ఫ్యాన్లు 140 మిల్లీమీటర్లవి పెట్టండి, పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగినా గాలి బాగా తోస్తుంది. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డి పెడితే గరగర కూడా పోతుంది.

ఆఖరిది పైసా ఖర్చు లేనిది. గేమ్‌ని 60 ఫ్రేములకు ఆపండి, కార్డు పవర్ లిమిట్ ఐదోవంతు తగ్గించండి. ఆటలో పెద్ద తేడా తెలియదు. 100 వాట్లు తగ్గినా, రోజుకు 4 గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు మిగులుతాయి. ఇక్కడి కరెంటు రేటు తెలుసు కదా!

ఇంటికి పంపగా మిగిలిన డబ్బుతో కొనుక్కునే సరదా ఇది. పక్కవాడి నిద్ర చెడగొట్టి ఆడొద్దు.