శంపాలత అనే పేరు ఏ మాలవాడలో పెట్టారు?

పోయిన భాగంలో ఉన్నవ 'మాలపల్లి' మీద రాసిన తర్వాత చాలామంది విద్యార్థి మిత్రులు 'మరి మాలపిల్ల సినిమా సంగతేంది సార్?' అని అడిగారు. ఆ సంగతి చెప్పాలంటే కాంచనమాల దగ్గర మొదలుపెట్టాలి.

'మాలపిల్ల' 1938లో వచ్చింది. సారథి ఫిలింస్ సినిమా. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు డబ్బు. దళితుల గుడి ప్రవేశం ఒకపక్క, బ్రాహ్మణ పెద్ద కొడుక్కీ మాల అమ్మాయికీ ప్రేమ ఒకపక్క. ఆ అమ్మాయి పేరు శంపాలత. వేసింది కాంచనమాల.

మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1939లో గానీ రాలేదు. అంతకు ముందు ఏడాదే మన కులం పేరు తిట్టులా కాకుండా టైటిల్‌లా గోడల మీద పడింది. దాన్ని నేను తీసిపారెయ్యను. కానీ 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు సభ పెట్టుకుని, పంచములు అనే పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని తేల్చేశారు. అప్పటికే తమ పేరు తామే పెట్టుకున్న జనాన్ని, ఇరవై ఒక్కేళ్ల తర్వాత కూడా సినిమా ఉద్ధరించాల్సిన వాళ్లుగానే చూపించింది. రాసిన, తీసిన, డబ్బు పెట్టిన చేతుల్లో మన చెయ్యి ఒక్కటీ లేకపోతే ఇట్లనే ఉంటది.

ఆ పేరే చూడండి. శంప అంటే మెరుపు. నిఘంటువు తెరిస్తే తప్ప తెలియని సంస్కృతం. ఏ మాలవాడలో ఏ తల్లి బిడ్డకు శంపాలత అని పేరు పెట్టింది? (తెలుగులో పీహెచ్‌డీ చేసిన నేనే తడుముకున్నాను.) వాడలో ఉన్నప్పుడే ఆ పేరు. కలకత్తా వెళ్లాక చదువు, నాజూకు చీరలు. ఆమె కట్టిన చీరల కోసం అప్పట్లో ఆడవాళ్లు ఎగబడ్డారని చెప్పుకుంటారు. మాలపిల్లను ప్రేక్షకుడు ప్రేమించాలంటే ముందు ఆమెలో మాలతనం కనబడకుండా చెయ్యాలి. ఇది కాంచనమాల తప్పు కాదు. ఆమెను పెట్టుకున్నదే అందుకు.

దీని పక్కన కేరళను పెట్టి చూడండి. 'మాలపిల్ల'కు కొన్నేళ్ల ముందే, జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్' మూకీలో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం వేసింది. తిరువనంతపురంలో అగ్రకులాలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. ఆమె ఊరొదిలి పోవాల్సి వచ్చింది, మళ్లీ తెర మీదికి రాలేదు. పైవాళ్ల కథలో మనమ్మాయి పైకులం స్త్రీగా కనబడితే నేరం. మన కథలో మనమ్మాయిని పైవాళ్లకు నచ్చేటట్టు చూపిస్తే సంస్కరణ.

ఇక కాంచనమాల. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'లో చిన్న వేషంతో వచ్చింది. తర్వాత 'గృహలక్ష్మి', 'వందేమాతరం', 'మళ్లీ పెళ్లి', 'ఇల్లాలు'. 1942లో జెమినీ వాళ్ల 'బాలనాగమ్మ'. అంతే. మొదటి సినిమా నుంచి లెక్కేసినా ఏడేళ్లు. జెమినీతో చేసుకున్న ఒప్పందం మీద తగాదా వచ్చింది, వేరేచోట నటించే దారి మూసుకుపోయింది, మనిషి మానసికంగా దెబ్బతింది. ఈ కథ చెప్పేటప్పుడు సినిమా వ్యాసాలు సాధారణంగా వాడే మాటలు రెండు: పొగరు, పిచ్చి. ఒప్పందం అనే మాట మాత్రం ఒక వాక్యంలో వచ్చి పోతది. ఎవరికి లాభం వచ్చేటట్టు రాశారు, ఎవరి చేతులు కట్టేశారు అని అడగరు. జీతగాళ్ల చరిత్ర తెలిసినవాళ్లం మనం. పని ఇయ్యకుండా, ఇంకొకరి దగ్గరికి పోనియ్యకుండా మనిషిని ఆపడాన్ని మన ఊళ్లల్లో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు. పట్నంలో, స్టూడియోలో, కాగితం మీద సంతకంతో జరిగితే దాన్ని 'నటి దురదృష్టం' అంటారు.

సినిమా మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చే మా వరంగల్ పీజీ పిల్లలు చాలావరకు హీరోల అభిమానులే. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: పాత నటీమణుల అందం మీద రాసింది చాలు, వాళ్ల ఒప్పందాల మీద, కూలి మీద రాయండి.

కాంచనమాలను తర్వాత ఒక్కసారే తెర మీద చూస్తాం. 1963లో 'నర్తనశాల'. నిర్మాత లక్ష్మీరాజ్యం, ఆమె కూడా నటే. చిన్న వేషం ఇప్పించింది. ఇరవై ఏళ్ల ఖాళీ తర్వాత, తెలిసినవాళ్లు వేలు పెట్టి చూపిస్తే గానీ గుర్తుపట్టలేనంత చిన్న వేషం. 1981 జనవరిలో ఆమె చనిపోయింది.