ఎరుపు అంటే ఎన్ని డిగ్రీలు?

గోడలోంచి ఎండవేడి ఇంట్లోకి ఎలా వస్తుందో కంప్యూటర్ సిమ్యులేషన్ లెక్కగడుతుంది. ఆ ఫలితాన్ని చాలామంది చూసేది అంకెల్లో కాదు, రంగుల పటంలో. ఎరుపుంటే వేడి, నీలముంటే చల్లదనం అని ఇట్టే నమ్మేస్తాం. కానీ సాఫ్ట్‌వేర్‌ను దాని మానాన వదిలేస్తే, ఆ ఒక్క గోడలోని గరిష్ఠానికి ఎరుపు, కనిష్ఠానికి నీలం పూస్తుంది. 30 నుంచి 32 డిగ్రీల మధ్య ఉన్న మంచి గోడా, 30 నుంచి 44 దాకా కాలిపోతున్న గోడా అచ్చు ఒకేలా కనిపిస్తాయి. డిగ్రీలు రాసిన రంగుల పట్టీ పక్కన లేని పటాన్ని ఏ అధికారీ, ఏ కొనుగోలుదారూ రుజువుగా ఒప్పుకోకూడదు.

అలాగని పటాలే వద్దనలేం. నివాస భవనాలకు 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, పైకప్పు మినహా మిగతా కట్టడం గుండా లోపలికి చేరే వేడికి మన వాతావరణంలో చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి పెట్టింది. మంచి నియమమే, కానీ అది మొత్తానికి ఒక్క అంకె. మన అపార్ట్‌మెంట్లలో కాంక్రీటు పిల్లర్లు, బీములు లేపి మధ్యలో ఇటుకలో, ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) బ్లాకులో పేరుస్తారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, 20 సెంటీమీటర్ల ఏఏసీ గోడ చదరపు మీటరుకు సుమారు 0.8 వాట్లు పంపుతుంది. 23 సెంటీమీటర్ల ఇటుక గోడ 2 వాట్లకు అటూ ఇటూగా, మివాన్ షట్టరింగ్‌తో (అల్యూమినియం అచ్చుల్లో) పోసిన 16 సెంటీమీటర్ల కాంక్రీటు గోడ మూడున్నరకు పైగా పంపుతాయి. బ్లాకుల మధ్యనున్న పిల్లర్ వేడికి రాచబాట అన్న సంగతి సగటులో కరిగిపోతుంది, పటంలో నిలువు చారగా బయటపడుతుంది. ఇంత విలువైన సాధనం కాబట్టే దాన్ని నిజాయితీగా వాడాలి.

రంగుల ఎంపికా చిన్న విషయం కాదు. ఇంద్రధనుస్సు వరుసలో పసుపు దగ్గర కాంతి ఎగసిపడుతుంది, ఆకుపచ్చలో పెద్ద తేడాలు కూడా కలిసిపోతాయి. వేడి మెల్లగా మారుతున్న చోట లేని అంచు కనిపిస్తుంది, ఉన్న తేడా దాగిపోతుంది. హార్వర్డ్ పరిశోధకులు 2011లో గుండె రక్తనాళాల చిత్రాలతో పరీక్షిస్తే, ఇంద్రధనుస్సు రంగుల త్రీడీ బొమ్మల్లో వైద్య విద్యార్థులు ప్రమాదకర ప్రాంతాల్లో 39 శాతాన్నే గుర్తించారు. బొమ్మ తీరూ, రంగులూ మార్చాక అది 91 శాతానికి చేరింది. గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్లలో మ్యాట్‌ల్యాబ్ 2014లో, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో ఇంద్రధనుస్సు వరుసను తమ మొదటి ఎంపిక స్థానం నుంచి తీసేశాయి. భవన నివేదికలు ఇంకా దాన్నే పట్టుకుని వేలాడటానికి కారణం కనిపించదు.

అలవాటైన రంగుల్లోనే వేడి చోటు త్వరగా తెలుస్తుందని కొందరు ఇంజినీర్లంటారు. కానీ నలుపు నుంచి ఎరుపు మీదుగా పసుపుకు క్రమంగా వెలుగెక్కే వరుసలోనూ వేడి వేడిలాగే కనిపిస్తుంది. పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లూ దాన్ని చదవగలరు. ఇక గోడలను పోల్చాలంటే అన్నిటికీ ఒకే రంగుల స్కేలు ఉండాలి; అలా పెడితే చిన్న తేడాలు మరుగున పడతాయన్న అభ్యంతరంలో మాత్రం బలముంది. డిజైన్ చేసేవారికి ఆ చిన్న తేడాలే ముఖ్యం. వారి పనికి విడి స్కేలుతో మరో పటం గీసుకోవచ్చు. రెండు గోడల్లో ఏది మేలో తేల్చే చోట మాత్రం స్కేలు ఒక్కటే కావాలి.

పటం ఏ గంటదో కూడా రాయాలి. మధ్యాహ్నం ఇటుక గోడలోకి దిగిన వేడి లోపలి ముఖానికి చేరేసరికి గంటలు గడుస్తాయి. పడమటి గోడ పక్కన పడుకునేవారిని ఉడికించేది రాత్రివేళే. మధ్యాహ్నం మూడు గంటల పటంలో లోపలి ముఖం చల్లగా కనిపిస్తే అది అబద్ధం కాదు, కానీ ఆ ఇంట్లో ఉండబోయేవారికి పనికొచ్చే నిజమూ కాదు. మధ్యాహ్నం పటం, రాత్రి పది గంటల పటం ఒకే స్కేలు మీద పక్కపక్కన అడగాలి. ఆ లెక్క సిమ్యులేషన్ ఎలాగూ చేసే ఉంటుంది, అదనంగా కావలసింది ఇంకో బొమ్మ ముద్రించడమే.