మన యాత్రలు: వంశధార మొగ, పొందూరు రాట్నము



సికింద్రాబాదు స్టేషనులో సాయంకాలమున రైలెక్కి పూరీ జగన్నాథమునకు పోవు కుటుంబములు పెక్కు కలవు. వారిలో పలువురు తెల్లవాఱుజామున విశాఖపట్టణము దాటగనే మరల కన్నుమూసి బరంపురము వచ్చువఱకు లేవరు. ఆ నిద్రలోనే శ్రీకాకుళపు జిల్లా గడచిపోవును. 193 కిలోమీటర్ల సముద్రతీరముగల యీ సీమలో రెండుదినములు నిలువుడని మా మనవి. దిగవలసినది ఆమదాలవలసలో, శ్రీకాకుళము రోడ్డను స్టేషను అదియే.

అరసవల్లి సూర్యదేవుని, శ్రీకూర్మనాథుని గూర్చి మీకు చెప్పవలసిన పనిలేదు. ఆ దర్శనములతో తిరుగుముఖము పట్టక, శ్రీకాకుళమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న కళింగపట్టణమునకు పోవలయును. వంశధార సముద్రమున కలియు చోటది. ఒకప్పటి ఓడరేవు, నేడు దీపస్తంభమును, చేపల పడవలును, ఇసుకయు మిగిలినవి. మొగవద్ద నీరు నిమ్మళముగ కనబడినను లోతు తెలియదు, పిల్లలను దింపకుడు. నదివెంట కొంతదూరము లోనికి వచ్చిన శాలిహుండము కొండ కానవచ్చును. బౌద్ధస్తూపములు వెలసిన చోటు. తారాదేవి విగ్రహము లిచ్చట దొరకినవి. ఈ శిథిలములను 1919లో లోకమునకు తెలిపినవారు వ్యవహారభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు. వారి మాట నీ గ్రాంథికమున వ్రాయుట మాకే నవ్వు పుట్టించుచున్నది.

మార్గశిర, పుష్య, మాఘములు యాత్రకు మేలు. ఆశ్వయుజ కార్తికములలో తుపానుల భయము కలదు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చివేసినది.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచినది సముద్రమునకు దూరముగ లోనాడున నున్న పొందూరు. అచ్చటి స్త్రీలు పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ దవడయందలి సన్నని పండ్లు దువ్వెనవలె నలుసును తీసి పోగును చక్కజేయును. పిదప పత్తి నేకి, ఏకులను ఎండిన అరటిదొప్పలో నుంచుకొని, రాట్నముపై 100 నంబరు నూలు వడకుదురు. చేప దవడకు పత్తితో పని యేమని మొదట వింత తోచును. ఆ బట్ట చేతబట్టిన పిమ్మట తోచదు. గాంధీమహాత్ముడు మెచ్చిన వస్త్రమిది.

అయినను రాట్నముల యెదుట కూర్చున్నవారిలో పెద్దవయసువారే యెక్కువ. దినమంతయు వడకినను కూలి స్వల్పము. కన్నులకు శ్రమ మెండు. కూతుళ్లు ఈ పనికి రాకున్న వారిని తప్పుపట్టుటకు మనకు నోరెక్కడిది? యంత్రపు పట్టుచీరకు అడిగినంత యిచ్చి, ఇచ్చట గజమునకు పదిరూపాయలు తగ్గింపుమని పట్టుపట్టు మనకు!

కొనదలచిన వారు ఖాదీ సంఘమువారి యంగడిలోనే కొనుడు. మరమగ్గపు బట్టను పొందూరు పేర అమ్మువారు లేకపోలేదు. వీలున్నచో ముందు వడకు ఇండ్లకు పోయి, వారి యనుమతితో ఒకగడియ కూర్చుండి చూచి, పిదప అంగడికి పొండు, బేరమాడ మనసొప్పదు.