తెరమీది వైద్యసభలు

చిత్తూరు సీమయందలి అరగొండకును చెన్నపట్టణమునకును 2000 సంవత్సరముననే దూరవైద్యసంబంధ మేర్పడినది. నాడు మాటలాడుకొన్నవారు రోగియు వైద్యుడును. నేడు ప్రజారోగ్య పరిశోధకులే జూమ్ వంటి సాధనములతో, ఎక్కడివా రక్కడనుండియే కూడి, అప్పటికప్పుడు చర్చింపగలుగుచున్నారు.

తిరుపతి 2022 ఏప్రిలు 4న వేరు జిల్లా యైనది; వేలూరు పొరుగు రాష్ట్రమున నున్నది. ఈ పొలిమేరలను డెంగ్యూ జ్వరము పాటింపదు. చిత్తూరి రోగి చికిత్సకై వేలూరు పోవును. ఆ లెక్క అచ్చటనే నిలిచినచో అతని వీథిలోని దోమల నెవ్వరు వెదకుదురు? నెల గడచి చేరిన నివేదిక చరిత్రకు పనికివచ్చును గాని పొరుగింటి బిడ్డకు గాదు. తిరుపతి స్విమ్స్ వారును, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారును, ఉభయ జిల్లాల ఆరోగ్యాధికారులును వారమున కొకమారు తెరపై గూడవలెను.

ఆ సభ యింగ్లీషుననే జరిగెనేని, ఇంటింట జ్వరము విచారించు ఆశా కార్యకర్త నోరు మెదపదు. ఆమె చెప్పునది తెలుగుననే వినవలెను. వీథి చెప్పిన చాలును. రోగి పేరు తెరపైకి రానక్కరలేదు.