జాతి పేరు కాదు, కారణం చూడాలి: అలర్జీ ఉన్న ఇంట్లో పెంపుడు జంతువు

పల్లెకు వెళ్ళిన వ్యవసాయ శాస్త్రవేత్తను రైతులు పంటల గురించి మాత్రమే అడుగుతారని అనుకోవడం పొరపాటు. ఇటీవల ఒక క్షేత్ర దినోత్సవంలో విత్తన శుద్ధి గురించి మాట్లాడి వేదిక దిగగానే ఒక మహిళా రైతు నన్ను ఆపి, "సార్, మా బాబుకు ఉబ్బసం ఉంది. కుక్కపిల్ల కావాలని ఏడుస్తున్నాడు. అలర్జీ రాని జాతి ఏదైనా ఉందా?" అని అడిగారు. పక్కనే ఉన్న మా విద్యార్థి ఒకరు చటుక్కున ఏదో విదేశీ జాతి పేరు చెప్పారు. ఆ సమాధానం తప్పు. ఎందుకు తప్పో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ళ క్రితం నా భార్యకు ఉదయం లేవగానే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద మొదలయ్యాయి. ఇంట్లో కుక్క ఉంది. కనుక కారణం కుక్కే అని అందరం తీర్మానించుకున్నాము. పరీక్ష చేయించలేదు. కుక్కను బంధువుల పొలానికి పంపివేశాము. కొద్ది రోజులకు అది అక్కడి నుండి ఎటో వెళ్ళిపోయిందని కబురు వచ్చింది. తుమ్ములు మాత్రం తగ్గలేదు. ఆ తరువాత చర్మ పరీక్షలో తేలినది వేరు: ఆమెకు పడనివి పరుపులో ఉండే ధూళి పురుగులు, వయ్యారిభామ పుప్పొడి. కుక్కకు సంబంధించిన పరీక్షలో చర్మంపై ఎటువంటి దద్దురూ రాలేదు. "మరి దాని తప్పేమిటి నాన్నా?" అని మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా వద్ద నేటికీ జవాబు లేదు.

సున్నపు నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపు రంగుకు తిరిగినప్పుడు రైతు యూరియా వేస్తే మనం వారిస్తాము. అది నత్రజని లోపం కాదు, ఇనుప ధాతు లోపం; అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేయాలని చెబుతాము. లక్షణం ఒకటే అయినా కారణాలు వేరని ముప్పై ఏళ్ళుగా బోధించిన నేను, నా ఇంటి విషయంలో లక్షణాన్ని చూసి తీర్పు చెప్పాను. వ్యవసాయ శాస్త్రం నేర్పిన క్రమశిక్షణ ఇంటి గడప వద్ద ఆగిపోకూడదన్నది నా మొదటి అభిప్రాయం.

ఇక జాతి విషయానికి వద్దాము. అలర్జీని కలిగించేది వెంట్రుక అని చాలామంది నమ్మకం. నిజానికి కారకాలు కొన్ని మాంసకృత్తులు. పిల్లిలో ప్రధానమైన 'ఫెల్ డి 1' చర్మంలోని తైల గ్రంథుల్లోను, లాలాజలంలోను తయారవుతుంది. పిల్లి ఒళ్ళు నాకుకున్నప్పుడు బొచ్చుకు అంటుకొని, ఎండి, అతి సూక్ష్మ రేణువులతో గాలిలో గంటల తరబడి తేలుతుంది. కుక్కలో ప్రధానమైనది 'కాన్ ఎఫ్ 1'. ఇది లాలాజలంలోను, చర్మపు పొట్టులోను ఉంటుంది. కాబట్టి బొచ్చు తక్కువగా రాలినంత మాత్రాన, లేదా బొచ్చే లేనంత మాత్రాన, ఈ మాంసకృత్తులు లేకుండా పోవు.

'అలర్జీ రాని జాతి' అన్న ప్రచారాన్ని శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2011లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, అటువంటి జాతుల కుక్కలున్న ఇళ్ళ ధూళిలోను ఇతర జాతులున్న ఇళ్ళ ధూళిలోను కాన్ ఎఫ్ 1 పరిమాణంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు వెంట్రుకల నమూనాలను పరిశీలించగా, ఆ జాతుల్లోనే ఈ మాంసకృత్తు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఒకే జాతిలో కుక్కకూ కుక్కకూ మధ్య ఉన్న తేడా కూడా పెద్దదే.

లాబ్రడూడుల్ కథ ఇందుకు చక్కని ఉదాహరణ. 1980ల చివర ఆస్ట్రేలియాలో మార్గదర్శక కుక్కల పెంపకందారు వాలీ కాన్రన్, హవాయిలోని ఒక అంధ మహిళ కోసం లాబ్రడార్‌ను, పూడుల్‌ను సంకరపరిచారు. ఆమె భర్తకు కుక్కల అలర్జీ ఉండడమే అందుకు కారణం. పుట్టిన మూడు పిల్లల వెంట్రుకలు, లాలాజలం నమూనాలు పంపి చూడగా ఆయనకు సరిపడినది ఒక్కటే. ఒకే ఈతలోని పిల్లల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, జాతి పేరు చూసి హామీ ఇవ్వడం ఎలా? బిల్లు, లేబులు లేని విత్తనం కొనవద్దని చెప్పే మనం, అమ్మకందారు నోటిమాటపై వేల రూపాయలు పోసి కుక్కపిల్లను కొనవచ్చని ఎలా సలహా ఇస్తాము?

అందుచేత అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఎవరికి, ఏ పదార్థం, ఎంత తీవ్రంగా పడదు? మొదట వైద్యుని వద్ద చర్మ పరీక్ష గాని రక్త పరీక్ష గాని చేయించాలి. ఆ ఫలితాన్ని లక్షణాలతో సరిపోల్చాలి. భూసార పరీక్ష పత్రాన్ని పైరు స్థితితో కలిపి చదివినట్లే ఇదీ. ఇందులో కొన్ని సూక్ష్మాలు ఉన్నాయి. ఉదాహరణకు 'కాన్ ఎఫ్ 5' అనే మాంసకృత్తు మగ కుక్కల ప్రోస్టేట్ గ్రంథిలో మాత్రమే తయారవుతుంది. అదొక్కటే పడనివారికి ఆడ కుక్క సరిపడవచ్చు.

రెండవది ప్రయోగం. కొత్త రకాన్ని పొలమంతా వేయక ముందు చిన్న మడిలో వేసి చూస్తాము గదా! అదే విధంగా, తెచ్చుకోదలచిన జంతువు ఉన్న చోటికి పలుమార్లు వెళ్ళి, గంటా రెండు గంటలు గడిపి, ఆ రోజూ మరునాడూ లక్షణాలు వ్రాసుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఈ ప్రయోగం చేయరాదు. తీవ్రమైన ఉబ్బసం ఉండి, కారకం జంతువేనని తేలితే ఆ జంతువును ఇంటికి తేకపోవడమే మంచిది. తెచ్చిన తరువాత పంపివేయడం సులభ పరిష్కారం కాదు. పిల్లి వెళ్ళిపోయినా దాని మాంసకృత్తు పరుపుల్లో, తివాచీల్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది.

ప్రత్యామ్నాయాలనూ విచక్షణతో చూడాలి. కుందేలుకూ అలర్జీ కారకాలున్నాయి. దానికి వేసే ఎండుగడ్డి ధూళి, బూజు అదనం. పావురాల రెట్ట, ఈకల ధూళి కొందరిలో ఊపిరితిత్తుల వాపుకు దారితీస్తాయి. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చేపల తొట్టె చాలామందికి సురక్షితమే అయినా, చేపలకు వేసే ఎండు ఎర్రపురుగుల మేత కొందరికి పడదు.

పశువుల మధ్య పెరిగిన పిల్లలకు ఉబ్బసం తక్కువన్న వాదన కూడా వినవస్తుంది. 2016లో అమెరికాలోని ఆమిష్, హట్టరైట్ రైతు కుటుంబాలపై వెలువడిన అధ్యయనం దీనికి కొంత బలమిచ్చింది. అయితే అది పసితనం నుండి సంప్రదాయ పాడి వాతావరణంలో పెరగడానికి సంబంధించినది. ఇప్పటికే అలర్జీ ఉన్న బిడ్డకు కుక్కపిల్ల చికిత్స అవుతుందని అర్థం కాదు.

కుక్క ఉన్న ఇంట్లో అలర్జీ కనిపిస్తే దానిని తరిమివేసే ముందు చేయదగిన పనులున్నాయి. పడకగదిలోకి రానీయకూడదు. దుప్పట్లను వారం వారం వేడినీటిలో ఉతకాలి. ఇంటి చుట్టూ ఉన్న వయ్యారిభామను పూతకు రాకముందే చేతి తొడుగులు వేసుకొని పీకివేయాలి. గట్లపై తిరిగి వచ్చిన కుక్క ఒంటికి అంటుకొని ఆ పుప్పొడి ఇంట్లోకి చేరవచ్చు. ఈ చివరి పని మన శాస్త్ర పరిధిలోనిదే.

ఆ మహిళా రైతుకు నేను జాతి పేరు చెప్పలేదు. "ముందు బాబుకు పరీక్ష చేయించండి, అమ్మా. ఆ తరువాత కుక్కపిల్ల సంగతి చూద్దాము" అన్నాను. ఆమె కొంత నిరాశపడ్డారు. బాబు మరింత నిరాశపడి ఉంటాడు. కానీ ఇంటికి తెచ్చిన జంతువు పదేళ్ళకు పైగా మనపై ఆధారపడి బ్రతుకుతుంది. బిడ్డ శ్వాస, ఆ జంతువు బ్రతుకు రెండూ ఆ నిర్ణయంలో ఇమిడి ఉన్నాయి. తెలియని చోట తోచిన పేరు చెప్పక, కారణం తెలుసుకొనే దారి చూపడమే విస్తరణ కార్యకర్త ధర్మమని మన విద్యార్థులు గ్రహించాలని నా కోరిక.