పాత ప్రోగ్రాముకు కొత్త మాట

ఇంట తెలుగు, అంగడిలో తమిళమో కన్నడమో మాట్లాడుట మనకు తరతరాల అలవాటే గదా! సి భాషలో వ్రాసిన ప్రోగ్రాముకు కూడ ఈ విద్య నేర్పవచ్చును. 2009లో వెలువడిన విండోస్ 7లోనే, డాట్‌నెట్ అక్కరలేకుండ, వెబ్ సర్వీసులతో మాట్లాడు సాధనము చేర్చినారు. అవతలి సర్వీసును ఏమేమి అడుగవచ్చునో, అది ఏ రూపమున జవాబిచ్చునో తెలుపు పత్రము డబ్ల్యూఎస్‌డీఎల్. దానిని డబ్ల్యూఎస్‌యుటిల్ అను పనిముట్టుకు అందించినచో, కావలసిన సి కోడును అదే వ్రాసిపెట్టును. మనము ఫంక్షనును పిలిచిన చాలును. ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి పంపుట, జవాబు తెచ్చుట దాని వంతు. సర్వీసును మనమే నెలకొల్పుటకును ఇదే దారి.

రెండు జాగ్రత్తలు మాత్రము మరువరాదు. ప్రతి పిలుపు ఫలితమును పరీక్షింపవలెను. పని తీరిన హీపును విడువవలెను. లేనిచో రేయింబవళ్లు నడుచు ప్రోగ్రాము మెమరీ నిండి ఆగిపోవును.

కావున చిరంజీవులారా, తండ్రిగారి కొట్టులో చక్కగా నడుచుచున్న పద్దుల ప్రోగ్రామును పాతదని పారవేయకముందు, ఒక్కమారు ఆలోచింపుడు.